ఇరవై రోజుల చుట్టం

పార్శిల్ విప్పేసరికి ముందు వాసనొచ్చింది,
మా ఊరిది కాని తడి ఉన్ని వాసన.
ఆ తర్వాత రెండు చెవులు.
ఒకటి నిక్కబొడుచుకుని,
ఒకటి ఎవరి మాటకో తల ఊపి
అట్లాగే వాలిపోయి.

గుడ్డ కుందేలు. జానెడుంటుంది.
కుట్టింది చిలీ దేశపు ముసలామె అని
నడుముకు కట్టిన చిన్న పుస్తకంలో ఉంది.
బొంతముక్కల కోటు స్కాట్లాండులో తొడిగారట.
ఒక కంటి గుండీ ఊడితే
మొంబాసాలో ఎవరో గవ్వ పెట్టి కుట్టారు,
అందుకే ఒక కన్ను మనల్ని చూస్తుంది,
ఒక కన్ను నీళ్లని.

ఒక్కో ఇంట్లో ఇరవై రోజులు.
వెళ్లేటప్పుడు ఆ ఇంటి చేతిపని ఏదో ఒకటి
ఒంటి మీద మోసుకెళ్లాలి.
అంతే షరతు.

పదకొండో ఇల్లు మాది,
ఉదయగిరి దుర్గం కొండ నీడ
పొద్దు గూకకముందే వాకిట్లోకి దిగే వీధిలో.

చుట్టానికి పడకెక్కడ?
ఎలుకలకు భయపడి ఒక రాత్రి బియ్యం డబ్బా మీద,
పిల్లలకు భయపడి ఒక రాత్రి బీరువా పైన,
ఆఖరికి గరిటెలు ఆరబెట్టే బుట్టలో
చెంచాల మధ్య పడుకోబెట్టాను.
తెల్లారేసరికి మీసాలకు నర్దిచెక్క పొట్టు,
మా ఇంట్లో అందరికీ ఉన్నట్టే.

పక్కింటి కరీమున్ అడిగింది,
"దీన్ని ఉంచుకుంటే నీకు కూలెంతిస్తారు?"
"ఏమీ ఇవ్వరు."
"మరెందుకు?"
ఆకురాయి ఆడిస్తూనే ఉన్నాను.
ఫోర్కుకు నాలుగు పళ్లు,
పంటికీ పంటికీ మధ్య వెంట్రుకంత తేడా వచ్చినా
షాపువాడు పక్కన పడేస్తాడు.
ఆ లెక్కయితే చెప్పగలను.

చెంచా చెక్కాను దానికి, అగ్గిపుల్లంత.
పిడి మీద చేప, చేపకు పొలుసులు.
మూడు విరిగాయి.
నాలుగోది ఊపిరి బిగబట్టి తీశాను.

పద్దెనిమిదో రోజు
నేను బ్యాంకుకు పోయొచ్చేలోపు
మా అత్త మస్తాన్‌బీ
కుందేలును ఒళ్లో వేసుకుని
కుడి చెంపన కాటుక చుక్క పెట్టేసింది.
బఠాణీ గింజంత.

గుండె జారింది నాకు.
పది ఇళ్ల చేతులు
మరక అంటకుండా దాటించిన గుడ్డ.
సబ్బునీళ్లు తెచ్చి అంచు తడిపాను,
చుక్క కాస్తా తోకచుక్కయింది.
"తుడవబాక!" అంది అత్త.
"ఇన్ని ఊర్లు తిరిగే బిడ్డ,
ఎవురి కళ్లు ఎట్టుంటాయో.
ఇన్నాళ్లూ ఒక్కరికన్నా
బుద్ధి పుట్టలేదే!"

పుస్తకంలో చెంచా గురించి
నాలుగు వరుసలు గబగబా రాశాను.
చుక్క గురించి రాత్రంతా రాసి, కొట్టేసి,
చివరికి ఇట్లా:
"చెంప మీదిది మరక కాదు.
మా ఇంటి పెద్దామె పెట్టింది.
నా ఉలి కన్నా పాత చేతిపని."

పోస్టాఫీసులో తూకం వేస్తే
వచ్చినప్పటి కన్నా ఆరు గ్రాములెక్కువ.
చెంచా నాలుగుంటుంది.
మిగతా రెండూ పొట్టు అనుకున్నాను.

ఏడు నెలలకు ఫోన్‌లో ఫొటో వచ్చింది.
ఎక్కడో మంచు, ఎవరిదో కిటికీ గట్టు.
కుందేలు చేతిలో మా చెంచా,
పిడి చీలిందేమో, రాగితీగ చుట్టి ఉంది.
చెంప మీద నా తోకచుక్క వెలిసిపోయింది.
దాని పక్కనే ఇంకొకటి,
కొత్తది, గుండ్రంగా,
బొగ్గో, బూటు పాలిషో.

అత్త ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూసింది.
"ఆ ఇంట్లో కూడా ఎవురో ముసల్ది ఉండాది" అని
మళ్లీ గరిటెలకు నూనె రాయడంలో పడింది.